పాట మిగిలింది, పేరు పోయింది: ఉక్రెయిన్ బృందగానం కథ

కీవ్ నగరంలో సెయింట్ మైకేల్ కేథడ్రల్ ఉంది. నీలిరంగు గోడలు, బంగారు గుమ్మటాలు. 12వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ గుడిని 1937లో సోవియట్ ప్రభుత్వం పేల్చి నేలమట్టం చేసింది. ఇప్పుడు అక్కడ కనిపించేది 1990ల చివర్లో మళ్లీ లేపిన కట్టడం. 2016లో ఆ గుడిలోనే కీవ్ చాంబర్ క్వయర్ అనే గాయక బృందం ఒక ఆల్బమ్ రికార్డు చేసింది. ఆ బృందాన్ని మికోలా హోబ్‌దిచ్ స్థాపించింది 1990లో. అంటే తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉన్న గుడి, అందులో నిలబడి పాడిన బృందం కన్నా వయసులో చిన్నది.

అదే బృందం పాడగా 2009లో విడుదలైన మరో ఆల్బమ్‌ను కీవ్‌లోని గుహల మఠంలో, డార్మిషన్ కేథడ్రల్‌లో రికార్డు చేశారు. అదీ అంతే. 11వ శతాబ్దపు గుడి, 1941లో రెండో ప్రపంచ యుద్ధం మధ్య పేలుడుకు కూలింది, 2000 నాటికి తిరిగి లేచింది. కొలతలు, ఫొటోలు, పునాదులు మిగిలి ఉంటే గుడిని మళ్లీ కట్టుకోవచ్చు. పాట అలా కాదు. దాని కొలతలు కాగితం మీద ఉన్నా, ఆ కాగితం చూసి పాడగల గొంతులు ఉండాలి, ఆ గొంతులకు పాడే పద్ధతి తెలిసి ఉండాలి. ఆ పని చేయడానికే కీవ్‌లో ఒక వృత్తి బృందం పుట్టింది.

ఉక్రెయిన్ మీద రష్యా చేస్తున్న యుద్ధం వార్తల్లోకి వచ్చాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఉక్రెయిన్‌కంటూ విడిగా ఒక సంగీత సంప్రదాయం ఉందా, అదంతా రష్యా సంగీతంలో ఒక పాయ కాదా? ఈ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పడం కష్టం. కానీ నాకు అర్థమైనంతలో చిక్కుముడి ఒకే చోట ఉంది. ఈ సంగీతం ఎన్నడూ పూర్తిగా మాయం కాలేదు. చర్చిల్లో మోగింది, కచేరీ హాళ్లలో మోగింది, అమెరికా రేడియోలో మోగింది. పోయింది దాని పేరు. ఎవరిది, ఎక్కడిది, ఏ భాషది అన్న చీటీ మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరు చించేశారు.

నాలుగు వరసల గొంతులు

మన సంగీతంతో పెరిగిన చెవికి బృందగానం అంటే అందరూ కలిసి ఒకే రాగం, ఒకే స్వరం పాడడం. భజన అయినా, దేశభక్తి గేయమైనా పదిమంది గొంతులు ఒకే తాడులా పేనుకుంటాయి. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో యూత్ క్వయర్ నడిపి, భారతీయ భాషల పాటలను భిన్న స్వరాల వరసల్లో పాడించినప్పుడు అది మనకు కొత్తగా అనిపించింది అందుకే. యూరప్ క్వయర్‌లో ఒకే సమయంలో నాలుగు వేర్వేరు వరసలు నడుస్తాయి. హెచ్చు స్థాయి స్త్రీ గొంతులు సొప్రానో, తగ్గు స్థాయి స్త్రీ గొంతులు ఆల్టో. మగవాళ్లలో పైవి టెనర్, కిందివి బాస్. ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి నడిచే నీడలు కావు. దేని దారి దానిదే, అయినా అడుగడుగునా కలిసి ఒక హార్మనీ అవుతాయి.

చాంబర్ క్వయర్ అంటే చిన్న బృందం, ఇరవై ముప్ఫై మంది. ఒక్కో వరసకు ఐదు నుంచి ఎనిమిది మంది. వందమంది పాడే పెద్ద క్వయర్‌లో ఒకరి తప్పు మిగతావారి గొంతుల్లో కలిసిపోతుంది. ఇక్కడ కలవదు. పైగా ఈ సంగీతంలో ఎక్కువ భాగానికి వాద్యం తోడు ఉండదు. తూర్పు క్రైస్తవంలోని ఆర్థడాక్స్ శాఖ వారి ఆరాధనలో ఇక్కడ వాద్యాలకు చోటు లేదు. ఆర్గన్ లేదు, వయొలిన్ లేదు. తంబురా లాంటి ఆధార శ్రుతి కూడా లేదు. కండక్టర్ ట్యూనింగ్ ఫోర్క్‌ను, అంటే మన సైన్సు పుస్తకాల్లోని శ్రుతిదండాన్ని, ఒకసారి తట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో వరసకు దాని మొదటి స్వరాన్ని మెల్లగా అందిస్తాడు. ఆ తర్వాత పది నిమిషాల పాట అయినా ఆ శ్రుతిని జారకుండా మోసేది గొంతులే.

మరో విద్య ఉంది. దాన్ని అక్కడివాళ్లు గొలుసు ఊపిరి అంటారు. పొడవైన స్వరాన్ని అందరూ ఒకేసారి ఊపిరి పీల్చి పట్టుకుంటే, అందరికీ ఒకేసారి ఊపిరి అయిపోతుంది, పాట తెగుతుంది. అందుకని పక్కపక్కన నిలబడినవాళ్లు వంతులు వేసుకుంటారు. నా పక్కనున్నావిడ ఊపిరి తీసుకుంటోందని తెలిస్తే నేను ఆపను. ఆవిడ చప్పుడు లేకుండా తిరిగి స్వరంలోకి వచ్చాక నేను ఆపుతాను. వినేవారికి ఆ సందు తెలియకూడదు. అలా ఒక్క స్వరం నిమిషంపాటు ఊపిరే లేనట్టు సాగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎంత వెతికినా నాకు ఆ అతుకు ఇంతవరకు దొరకలేదు. ఇది పుస్తకం చదివి నేర్చుకునేది కాదు. రోజూ కలిసి పాడాలి, పక్కవారి భుజం కదలిక తెలియాలి. జీతం ఇచ్చి, రోజూ సాధన చేయించే వృత్తి బృందం అవసరం ఇక్కడే తెలుస్తుంది.

ఒక గొంతు దొరకని పాటలు

16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లో నేటి ఉక్రెయిన్ నేలలో చాలా భాగం పోలండ్, లిథువేనియాల ఉమ్మడి రాజ్యంలో ఉండేది. కాథలిక్ చర్చిల్లో ఆర్గన్లు, ఘనమైన బహుస్వర సంగీతం. ఆర్థడాక్స్ చర్చిల్లో ఒకే వరసలో సాగే ప్రాచీన కీర్తన. జనం అటు వెళ్లిపోతారేమోనన్న ఆందోళనతో లవీవ్, కీవ్ నగరాల ఆర్థడాక్స్ సోదర సంఘాలు బడులు పెట్టాయి, బహుస్వర గానాన్ని నేర్పించాయి. వాద్యం నిషిద్ధం కాబట్టి వాద్యాలు చేయాల్సిన పని అంతా గొంతులకే అప్పగించారు. అలా పుట్టింది పార్తెస్ గానం. నాలుగు వరసలతో ఆగలేదు. ఎనిమిది, పన్నెండు, ఇంకా ఎక్కువ. కీవ్‌లో పుట్టిన మికోలా దిలెత్‌స్కీ 1670లలో ఈ పద్ధతికి వ్యాకరణమే రాశాడు. లవీవ్ సోదర సంఘం 1697లో తమ దగ్గరున్న స్వరలిపి పుస్తకాల పట్టిక రాసుకుంది. అందులో మూడు వందలకు పైగా రచనల పేర్లున్నాయి. వాటిలో చాలా భాగానికి ఇప్పుడు మిగిలింది ఆ పట్టికలోని పేరే.

మిగిలినవి ఎలా మిగిలాయో చూస్తే కాపాడడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ రోజుల్లో పాట మొత్తాన్ని ఒకే కాగితం మీద రాసేవారు కాదు. ఒక్కో గొంతుకు ఒక్కో చేతిరాత పుస్తకం. టెనర్ పుస్తకంలో టెనర్ వరస మాత్రమే ఉంటుంది. చతురస్రాకారంలో ఉండే కీవ్ స్వరలిపి, తాళ విభాగాల గీతలు ఉండవు. ఎనిమిది పుస్తకాలను పక్కపక్కన పరిచి, ప్రతి స్వరం నిడివి లెక్కపెట్టి, ఒకదాని కింద ఒకటి పేర్చితే గానీ పాట కనపడదు. రాసినవాడు ఒక్క స్వరం నిడివి తప్పు రాస్తే, అక్కడి నుంచి ఆ వరస అంతా పక్కకు జరిగిపోతుంది. ఎనిమిదింటిలో ఒక పుస్తకం దొరకకపోతే ఆ గొంతు లేదు. కీవ్ సెయింట్ సోఫియా కేథడ్రల్‌కు చెందిన ఇలాంటి పుస్తకాలు ఇప్పుడు అక్కడి వెర్నాద్‌స్కీ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. నినా హెరాసిమోవా-పెర్సిద్‌స్కా అనే సంగీత పరిశోధకురాలు సోవియట్ కాలంలోనే, మత సంగీతం మీద పనిచేయడం ఏమాత్రం సులువు కాని రోజుల్లో, ఈ ముక్కలను జతచేసి పూర్తి స్వరలిపిగా మార్చే పని తలకెత్తుకున్నారు.

మన అన్నమయ్య రాగిరేకులు గుర్తు రాకమానవు. తిరుమల సంకీర్తన భాండాగారంలో రేకులు దొరికినప్పుడు సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ వంటివారు వాటికి బాణీలు కట్టారు. ఉక్రెయిన్‌లో లోటు మరోలా ఉంది: స్వరం ఉంది, కానీ ఎనిమిది గొంతుల్లో ఒకటి లేదు. చుట్టూ ఉన్న ఏడు వరసలు ఏ ఖాళీని వదిలాయో చూసి ఎనిమిదో వరసను ఊహించాలి. ఊహించింది సరైనదో కాదో బల్ల దగ్గర కూర్చుంటే తేలదు. పాడి చూస్తేనే తెలుస్తుంది. గాయకులకు ఆ వరస గొంతులో పట్టకపోతే, ఊపిరికి చోటు లేకపోతే, మళ్లీ రాయాలి. అందుకే ఇలాంటి సంగీతం విషయంలో పరిశోధకుడికీ గాయకుడికీ మధ్య గీత గీయలేం.

ఎవరి స్వరకర్తలు?

1738లో రష్యా సామ్రాజ్య శాసనం ఒకటి హ్లుఖివ్ పట్టణంలో గానశాల పెట్టించింది. హ్లుఖివ్ అప్పటి కొసాక్ (ఉక్రెయిన్ యోధుల) పాలనకు రాజధాని. ఆ బడి ఉద్దేశం దాచుకున్నది కాదు: ఉక్రెయిన్ పిల్లల్లో మంచి గొంతులను ఎంచి, తర్ఫీదు ఇచ్చి, సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆస్థాన గాయక బృందానికి పంపడం. 1751లో హ్లుఖివ్‌లోనే పుట్టిన ద్మిత్రో బోర్త్‌న్యాన్‌స్కీ ఏడేళ్ల వయసుకే ఆ ఆస్థానానికి చేరాడు. ఇటలీలో చదివాడు. 1796 నుంచి ఆస్థాన బృందానికి అధిపతి అయ్యాడు. ఆయన సమకాలికుడు మక్సిమ్ బెరెజోవ్‌స్కీ ఇటలీలోని బొలోన్యా సంగీత అకాడమీలో 1771లో సభ్యత్వం పొందాడు. అంతకు ముందు ఏడాది అదే అకాడమీలో చేరిన కుర్రవాడు మొజార్ట్.

ఈ ఇద్దరి రచనలూ కచేరీల్లో, క్యాసెట్ల మీద, విజ్ఞాన సర్వస్వాల్లో రష్యన్ సంగీతం పేరుతోనే తిరిగాయి. అందులో పూర్తి అబద్ధం లేదు. వారు రష్యా ఆస్థానంలో జీతం తీసుకున్నారు, అక్కడే రాశారు. బోర్త్‌న్యాన్‌స్కీ రచనల ముద్రణకు తర్వాతి కాలంలో చైకోవ్‌స్కీ సంపాదకత్వం వహించాడు. కానీ పూర్తి నిజమూ లేదు. త్యాగరాజు తమిళ నేల మీద, తంజావూరు మరాఠా రాజుల ఏలుబడిలో బతికాడు. అంతమాత్రాన ఆయన్ని మరాఠీ వాగ్గేయకారుడని ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా? పీటర్స్‌బర్గ్ బృందం గొంతులు ఎక్కడి నుంచి వచ్చాయో, వారికి పాట ఎక్కడ అబ్బిందో చెప్పకుండా, చేరిన ఊరి పేరు మాత్రమే రాయడంలో అన్యాయం ఉంది. రష్యాకు వీరిలో వాటా లేదని నేను అనను. ఉక్రెయిన్‌కు లేదని అన్న రెండు శతాబ్దాల మాటను మాత్రం ఒప్పుకోలేను.

మూడోవాడు అర్తెమ్ వెదెల్. కీవ్‌లో పుట్టాడు. 1799లో, రాజకుటుంబానికి వ్యతిరేకంగా ఏవో రాతలు రాశాడన్న అనుమానంతో పట్టుకుని, పిచ్చివాడని ముద్రవేసి, కీవ్ ఆశ్రమ ఆసుపత్రిలో బంధించారు. 1808లో చనిపోయేముందు గానీ బయటికి రానివ్వలేదు. ఆయన రచనలు అచ్చుకు నోచుకోలేదు. పైగా 1816లో మరో శాసనం వచ్చింది: ఆస్థాన బృందం అధిపతి ఆమోదంతో అచ్చయిన సంగీతాన్నే చర్చిల్లో పాడాలి. ఆ అధిపతి బోర్త్‌న్యాన్‌స్కీయే. ఒక ఉక్రెయిన్ బిడ్డ కుర్చీ, ఇంకో ఉక్రెయిన్ బిడ్డ పాటకు అడ్డుగోడ అయిన ఘట్టమిది. వెదెల్ పాటలు చేతిరాత ప్రతుల్లో, ఒక పాటగాడి నుంచి మరొక పాటగాడికి మారుతూ, దాదాపు శతాబ్దం బతికాయి.

ఇక్కడ కీవ్ చాంబర్ క్వయర్ లాంటి బృందాలు చేసే ఒక చిన్న పని చెప్పాలి. ఈ పాటల భాష చర్చి స్లావోనిక్. మనకు సంస్కృతం ఎలాగో తూర్పు స్లావులకు అది అలాగ. ఒకే శ్లోకాన్ని తెలుగు పండితుడు, బెంగాలీ పండితుడు వేర్వేరుగా పలుకుతారు కదా. కీవ్‌లో 'గ' అక్షరాన్ని 'హ'కు దగ్గరగా, ఒక పాత అచ్చును 'ఇ'గా పలికేవారు. మాస్కోలో 'గ'గా, 'ఎ'గా. సామ్రాజ్యం మొత్తానికీ రష్యన్ పలుకుబడే ప్రమాణమైంది. ఇప్పుడు కీవ్ గాయకులు తమ పాత ఉచ్చారణతో ఆ పాటలు పాడుతున్నారు. స్వరలిపిలో ఒక్క చుక్క మారదు. కానీ అచ్చు మారితే గొంతు రంగు మారుతుంది, హార్మనీ మెరుపు మారుతుంది. చీటీ తిరిగి అతికించడమంటే కవరు మీద దేశం పేరు మార్చడమే కాదు, ఇదీ.

అచ్చు నిషేధం

1876లో జార్ రెండో అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్ పట్టణంలో విడిదిలో ఉండి ఒక ఆజ్ఞ మీద సంతకం పెట్టాడు. ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చు వేయరాదు, నాటకాలు ఆడరాదు, చివరికి స్వరలిపి కింద ఉక్రెయిన్ మాటలు కూడా అచ్చు కారాదు. పాట ఉండవచ్చు, దాని మాట ఉండకూడదు. ఒక భాషను ఎలా చంపాలో అంత వివరంగా ఆలోచించినవారికి క్వయర్ ఎంత ముఖ్యమో తెలిసే ఉంటుంది.

ఈ గోడల మధ్యే మికోలా లిసెంకో జీవితమంతా జానపద గీతాలు సేకరించాడు, బృందాలు కూర్చి ఊరూరా పాడించాడు. ఆయన మొదటి జానపద గీతాల సంపుటి అచ్చయింది జర్మనీలోని లైప్‌జిగ్‌లో. ఒలెక్సాండర్ కొనిస్‌కీ మాటలకు 1885లో పిల్లల బృందం కోసం ఆయన కట్టిన 'ఉక్రెయిన్ కోసం ప్రార్థన' ఆస్ట్రియా ఏలుబడిలోని లవీవ్‌లో వెలుగు చూసింది. 2022 ఫిబ్రవరిలో, యుద్ధం మొదలైన రెండు మూడు రోజులకే, న్యూయార్క్‌లోని ఉక్రెయిన్ ప్రవాసుల బృందం ఒకటి అమెరికా టెలివిజన్‌లో పాడింది ఆ ప్రార్థననే.

గా రిగ సా

మికోలా లియోంటోవిచ్ 1877లో పొడిల్యా ప్రాంతంలో పుట్టాడు. పూజారి కొడుకు, బడిపంతులు. తుల్చిన్ అనే చిన్న పట్టణంలో పిల్లలకు పాట నేర్పేవాడు. ఆ పట్టణం నేటి విన్నిత్సియా ప్రాంతంలో ఉంది. వైద్యవిద్య కోసం మన తెలుగు పిల్లలు చాలామంది వెళ్లిన విన్నిత్సియా అదే.

ఉక్రెయిన్ పల్లెల్లో కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి ఇంటింటికీ వెళ్లి పాడే పాటలను ష్చెద్రివ్కా అంటారు. పాత పంచాంగం ప్రకారం అది జనవరి 13, దాదాపు మన భోగి సమయమే. ఇంటి యజమానిని పిలిచి, నీ ఇల్లు పచ్చగా ఉండాలి, నీ మందలు పెరగాలి అని దీవిస్తారు. హరిదాసు, గంగిరెద్దులవాడు మన గుమ్మంలో చేసే పని. అలాంటి పాటల్లో ఒకటి: వానకోవెల ఎగిరి వచ్చి ఇంటి యజమానిని పిలుస్తుంది, బయటికి వచ్చి చూడు, నీ గొర్రెలు ఈనాయి, నీకు సొమ్ము చేకూరుతుంది, నీకు నల్లని కనుబొమల ఇల్లాలు ఉంది. మంచు కురిసే జనవరిలో వానకోవెల ఎలా వస్తుంది? క్రైస్తవానికి ముందు వారి సంవత్సరాది మన ఉగాదిలా వసంతంలో వచ్చేది. పంచాంగం మారింది, పాట పాత రుతువులోనే ఉండిపోయింది.

లియోంటోవిచ్ దీని నుంచి తీసుకున్నది నాలుగు స్వరాల ముక్క. షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా, సాధారణ గాంధారంతో పాడి చూడండి: గా రిగ సా, గా రిగ సా. మూడే స్థానాలు, గాంధారం నుంచి షడ్జమం దాకా ఉన్న ఇరుకు చోటు. మొదట స్త్రీ గొంతుల ఒక్క వరస దీన్ని పాడుతుంది. తర్వాత రెండో వరస కింద నుంచి చేరుతుంది. తర్వాత మగ గొంతులు. నాలుగు స్వరాలు మాత్రం అలాగే తిరుగుతుంటాయి, చుట్టూ ఉన్న లోకం మారుతుంటుంది. ఒకే 'గా రిగ సా' కింద బాస్ గొంతులు దిగుతుంటే అది ఒకసారి ఆందోళనలా, ఒకసారి పండగలా వినిపిస్తుంది. మాట మార్చకుండా అర్థం మార్చడం ఇది. ఈ చిన్న పాటను ఆయన ఏళ్ల తరబడి చెక్కాడు, ఒకటికి నాలుగుసార్లు తిరగరాశాడు. 1916 డిసెంబరులో కీవ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందం ఒలెక్సాండర్ కోషెట్స్ ఆధ్వర్యంలో తొలిసారి పాడింది. పేరు 'ష్చెద్రిక్'.

1919 జనవరి. జార్ల పాలన కూలాక పుట్టిన ఉక్రెయిన్ ప్రజా గణతంత్రానికి ఊపిరి అందని కాలం. ఉత్తరం నుంచి బోల్షెవిక్ (రష్యా కమ్యూనిస్టు) సేనలు కీవ్ మీదికి వస్తున్నాయి. ప్రభుత్వాధినేతల్లో ఒకడైన సిమోన్ పెత్ల్యూరా అప్పుడు తీసుకున్న నిర్ణయం వింతగా తోస్తుంది: ఒక క్వయర్‌ను విదేశాలకు పంపాలి. పారిస్‌లో శాంతి సదస్సు జరుగుతోంది, మేం వేరే జాతి అని అక్కడి పెద్దలకు చెప్పాలి, వాదించి చెప్పేకన్నా పాడి చెప్పాలి. కోషెట్స్, కిరిలో స్తెత్సెంకో గాయకులను పోగుచేశారు. నగరం చేజారే ముందు, ఫిబ్రవరి మొదట్లో బృందం బయటపడింది. మే 11న ప్రాగ్ జాతీయ రంగశాలలో మొదటి కచేరీ. అక్కడి నుంచి వియన్నా, స్విట్జర్లాండ్, పారిస్, లండన్, బెర్లిన్, స్పెయిన్. శ్రోతలు మళ్లీ మళ్లీ అడిగి పాడించుకున్న పాట 'ష్చెద్రిక్'.

1922 అక్టోబరు 5న ఆ బృందం న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడింది. అప్పటికి వారిని పంపిన దేశం లేదు. ఆ డిసెంబరులోనే సోవియట్ యూనియన్ ఏర్పడింది. లియోంటోవిచ్ కూడా లేడు. 1921 జనవరి 23 ఉదయం, మార్కివ్కా గ్రామంలో తండ్రి ఇంట్లో ఉండగా, రాత్రి బస అడిగి ఆ ఇంట్లోనే పడుకున్న సోవియట్ రహస్య పోలీసు ఏజెంటు ఆయన్ని తుపాకితో కాల్చి చంపాడు. వయసు 43. ఆ నిజం పత్రాలతో సహా బయటికి రావడానికి సోవియట్ యూనియన్ కూలేదాకా ఆగాల్సి వచ్చింది.

1936లో అమెరికన్ సంగీతకారుడు పీటర్ విల్హౌస్కీ అదే స్వరానికి కొత్తగా ఇంగ్లిష్ మాటలు రాశాడు. ఆయనకు ఆ నాలుగు స్వరాల్లో గంటల మోత వినిపించింది. 'క్యారల్ ఆఫ్ ద బెల్స్' అనే క్రిస్మస్ గంటల పాటగా అది ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు డిసెంబరులో హైదరాబాద్ మాల్‌లో మోగినా, మన పిల్లలు చదివే కాన్వెంటు స్కూలు వేడుకలో మోగినా, అది ఆ పాటే. అసలు పాటలో క్రిస్మస్ లేదు, గంటలు లేవు. వానకోవెల ఉంది, ఈనిన గొర్రెలున్నాయి. విల్హౌస్కీని తప్పుపట్టను. ఆయన లేకపోతే ఆ స్వరం ఇంతదూరం రాదు. కానీ పాట మిగిలి పేరు పోవడం అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ నాకు కనపడదు.

నవ్వుతూ పాడాల్సిన పాట

సోవియట్ ప్రభుత్వం ఉక్రెయిన్ పాటను నిషేధించిందని అంటే అది సరికాదు. బృందాలకు డబ్బిచ్చింది, రంగస్థలాలిచ్చింది. 'దూమ్కా' అనే ప్రసిద్ధ క్వయర్ పేరు 'ప్రభుత్వ ఉక్రెయిన్ సంచార గాయక బృందం' అన్న ఉక్రెయిన్ మాటల పొడి అక్షరాలతో ఏర్పడింది. కానీ ఏ పాట, ఏ రూపంలో అన్నది ప్రభుత్వం ఎంచింది. కుట్టుపని చొక్కాలు, పూలదండలు, నవ్వు ముఖాలు, నృత్యం. పార్తెస్ లేదు, వెదెల్ ప్రార్థన లేదు, లియోంటోవిచ్, స్తెత్సెంకోలు రాసిన ఆరాధన సంగీతం లేదు. ఒక జాతికి పండగ పాట ఉండవచ్చు, లోతైన పాట ఉండకూడదన్నట్టు. నా దృష్టిలో నేరుగా నిషేధించడం కన్నా ఇది ఎక్కువ హాని చేసింది. నిషేధం ఉంటే పోగొట్టుకున్నది ఏమిటో తెలుస్తుంది. ఇక్కడ రెండు మూడు తరాలు తమకు ఉన్నది జానపదమే అనుకుని పెరిగాయి.

అడ్డం వచ్చినవారిని వదలలేదు కూడా. లవీవ్ స్వరకర్త వాసిల్ బార్విన్‌స్కీని 1948లో అరెస్టు చేసి పదేళ్లు రష్యాలోని మొర్దోవియా నిర్బంధ శిబిరాలకు పంపారు. ఆయన రాతప్రతులను తగలబెట్టారు. తిరిగొచ్చాక మిగిలిన ఐదేళ్లలో తన రచనలను జ్ఞాపకం నుంచి మళ్లీ రాయడానికి ప్రయత్నించాడు.

1990 తర్వాత

హోబ్‌దిచ్ బృందం మొదలైనప్పటి స్థితి ఇది. స్వరలిపి గ్రంథాలయాల్లో ఉంది, గొంతులు సంగీత కళాశాలల్లో ఉన్నాయి, మధ్యలో దారి లేదు. ఆయన ఎంచుకున్న పని వెయ్యేళ్ల ఉక్రెయిన్ పవిత్ర సంగీతాన్ని వరసగా పాడడం: మఠాల ఏకస్వర కీర్తన, పార్తెస్, బెరెజోవ్‌స్కీ, వెదెల్, లియోంటోవిచ్, ఆపైన ఈ రోజు రాస్తున్నవారు. పాడడంతో సరిపెట్టలేదు. స్వరలిపి సంపుటాలు అచ్చువేశారు, ఇతర బృందాలు కూడా పాడుకోవాలని. కీవ్‌లో ఆరాధన సంగీతానికి ఏటా ఒక ఉత్సవం నడిపారు.

వరసలోని చివరి కొస నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. పాతవాటిని మాత్రమే పాడే బృందం మ్యూజియం అవుతుంది. 1937లో, సెయింట్ మైకేల్ కూలిన ఏడాదే, కీవ్‌లో పుట్టిన వాలెంతిన్ సిల్వెస్త్రోవ్ సోవియట్ కాలంలో సాహస ప్రయోగాలకు పేరుపడి, అధికారుల ఆగ్రహం చవిచూసిన స్వరకర్త. మలి వయసులో ఆయన వాద్యాలు లేని క్వయర్ వైపు మళ్లాడు. హోబ్‌దిచ్ ప్రోత్సాహం, ఈ బృందం గొంతులు అందుకు కారణం. ఆయన రచనల్లో ధ్వని పెద్దగా ఉండదు. గుసగుసకు ఒక మెట్టు పైన మొదలై, గొలుసు ఊపిరి మీద తేలుతూ, గుడి గోడల ప్రతిధ్వనిలోకి కరిగిపోతుంది. గాయకులు ఆపేశారా, గోడలు ఇంకా పాడుతున్నాయా అన్నది కొన్నిచోట్ల చెప్పలేం.

2013 డిసెంబరులో కీవ్ నడిబొడ్డున ఉన్న మైదాన్ అనే కూడలిలో నిరసనకారుల మీదికి పోలీసులు వచ్చిన రాత్రి సెయింట్ మైకేల్ గంటలు తెల్లవార్లూ మోగాయి, నగరాన్ని నిద్రలేపడానికి. ఆ శీతాకాలంలో సిల్వెస్త్రోవ్ జాతీయ గీతం మాటలను తీసుకుని ఒకసారి కాదు, పలుమార్లు వేర్వేరుగా స్వరపరిచాడు. ప్రార్థనలు, ఉక్రెయిన్ జాతీయ కవి శెవ్చెంకో కవిత, చనిపోయినవారి కోసం చదివే మాటలు చేర్చాడు. అదే 'మైదాన్ 2014'. రెండేళ్ల తర్వాత కీవ్ చాంబర్ క్వయర్ దాన్ని రికార్డు చేసింది ఆ గంటలు మోగిన గుడిలోనే. ఆల్బమ్ విడుదలైంది 2022లో. అప్పటికే, 84 ఏళ్ల వయసులో కీవ్ వదిలిన స్వరకర్త బెర్లిన్‌లో శరణార్థి.

ఆ ఏడాది ఫిబ్రవరి 27న, దాడి మొదలైన నాలుగో రోజున, క్వయర్ కోసం ఎంతో రాసిన హన్నా హావ్రిలెత్స్ కీవ్‌లో చనిపోయారు. వయసు 63. దేశంలో యుద్ధకాల చట్టం అమలయ్యాక 18 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లు అనుమతి లేకుండా సరిహద్దు దాటలేని పరిస్థితి వచ్చింది. క్వయర్‌కు దీని అర్థం వేరే చెప్పాలా? టెనర్ లేకుండా, బాస్ లేకుండా వెదెల్‌ను పాడలేరు. విదేశీ కచేరీ అంటే ప్రతి మగ గొంతుకూ ఒక అనుమతి పత్రం. సాధన మధ్యలో సైరన్ మోగితే అందరూ కిందికి దిగాలి, కరెంటు పోతే ఏ వెలుగులో చదవాలో చూసుకోవాలి. ఊపిరికి ఊపిరి కలిపి పాడే విద్యలో పక్కన నిలబడేవారు మారిపోతే మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి.

వినాలనుకునేవారికి ఒక మాట. బెరెజోవ్‌స్కీ రాసిన 'ముసలితనంలో నన్ను విడిచిపెట్టకు' అన్న కీర్తనతో మొదలుపెట్టండి. నాలుగు వరసలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చే చివరి భాగంలో ఒక్క వరసను పట్టుకుని, బాస్‌నే అనుకోండి, చివరిదాకా వదలకుండా వినండి. తర్వాత వెదెల్. తర్వాత సిల్వెస్త్రోవ్, రాత్రి పూట, ఇంట్లో చప్పుడు లేనప్పుడు. ఇవన్నీ అయ్యాక 'ష్చెద్రిక్' ఉక్రెయిన్ మాటలతో పెట్టుకోండి. ఇప్పుడు అక్కడి చర్చిలు పంచాంగం మార్చుకోవడంతో 2023 నుంచి ఆ పాట రాత్రి చాలామందికి డిసెంబరు 31న వస్తోంది. మధ్యలో నాలుగు వరసలూ కలిసి ఉప్పెనలా లేస్తాయి, తర్వాత ఒక్కొక్కటే తప్పుకుంటాయి. చివరికి మళ్లీ ఆ ఇరుకు చోటులోని గా రిగ సా మిగులుతుంది, మెల్లగా, వచ్చిన పిట్ట ఇంకా గుమ్మం మీదే కూర్చుని పిలుస్తున్నట్టు.